కేస్ స్టడీ: రెండు శాతం వాలు, ఎదురుగా కొండ

నేపథ్యం

కొండ ప్రాంతాల్లోని చిన్న రన్‌వేల మీద పైలట్లకు శిక్షణ ఇవ్వడం, వాళ్లు పాటించే పద్ధతుల్ని పరిశీలించడం నా పని. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం, ఇందులో పైలట్ అజాగ్రత్తగా లేకపోవడమే. అతను లెక్క వేశాడు, ఆ లెక్కని రెండోసారి సరిచూసుకున్నాడు, నేర్చుకున్న సూత్రాలన్నీ వాడాడు. అయినా ఒక ఉదయం, ఇద్దరు ప్రయాణికులతో, చెట్ల కొమ్మల ఎత్తులో విమానాన్ని పక్కకు తిప్పుకుని బయటపడాల్సి వచ్చింది.

పైలట్‌ను, చోటును, విమానం రకాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెల్ని కొద్దిగా గుండ్రం చేశాను. లెక్కలన్నీ పరుగు పొడవునా త్వరణం సగటున ఒకేలా ఉంటుందనుకుని వేసినవి. విమానం మాన్యువల్‌కి అవి ప్రత్యామ్నాయం కావు, ఏది ఎంత లాగుతోందో చూపించడానికే.

రన్‌వే 700 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు, పొట్టి గడ్డి. కింది చివర సముద్రమట్టానికి 4,500 అడుగుల ఎత్తులో ఉంది. పై చివర అంతకంటే 14 మీటర్లు ఎత్తు, అంటే సగటు వాలు 2 శాతం. కింది చివర దాటితే నేల లోయలోకి జారిపోతుంది. పై చివర దాటాక 300 మీటర్ల మైదానం, ఆ తర్వాత చెట్లతో కొండవాలు మొదలవుతుంది. విమానం నాలుగు సీట్ల సింగిల్ ఇంజిన్, ఆ రోజు బరువు 1,100 కిలోలు. పైలట్‌కి సుమారు 400 గంటల అనుభవం. అందులో చాలా భాగం చదునైన నేల మీద, వెడల్పాటి తారు రన్‌వేల మీద వచ్చిందే.

మొదటి ఫిర్యాదు: ల్యాండింగ్

అతను నా దగ్గరికి వచ్చింది టేకాఫ్ గురించి కాదు. మొదటి నెలలో మెరక వైపు ల్యాండ్ అవుతూ రెండుసార్లు త్రెషోల్డ్ (రన్‌వే మొదలయ్యే గీత) కంటే ముందే చక్రాలు ఆనించాడు. "సార్, పైనుంచి చూస్తే ఎప్పుడూ ఎక్కువ ఎత్తులో ఉన్నట్టే అనిపిస్తుంది. పవర్ తగ్గిస్తాను. చూస్తే నేల దగ్గరికి వచ్చేసి ఉంటుంది" అన్నాడు.

కళ్లు ఎందుకు మోసపోతాయో అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. చదునైన రన్‌వేకి 3 డిగ్రీల దారిలో వస్తుంటే, మన చూపుకీ రన్‌వే ఉపరితలానికీ మధ్య కోణం 3 డిగ్రీలు. ఆ ఆకారం ఏళ్ల తరబడి కంటికి అలవాటవుతుంది. రన్‌వే 2 శాతం, అంటే 1.15 డిగ్రీలు, మన నుంచి పైకి లేస్తూ ఉంటే అదే దారిలో ఆ కోణం 4.15 డిగ్రీలు అవుతుంది. రన్‌వే నిలబెట్టినట్టు, పొడుగ్గా కనిపిస్తుంది. "ఎత్తు ఎక్కువైంది" అని మెదడు చెబుతుంది. అలవాటైన ఆకారం వచ్చేదాకా పైలట్ దిగుతాడు. ఆ ఆకారం వచ్చేసరికి అసలు దారి 1.85 డిగ్రీలే. ఒక నాటికల్ మైలు (1,852 మీటర్లు) దూరంలో 318 అడుగుల ఎత్తు ఉండాల్సిన చోట 196 అడుగులే ఉంటాడు.

దీనికి తోడు రన్‌వే సన్నగా ఉంది. వెడల్పాటి రన్‌వేలు చూసిన కంటికి సన్నటిది కూడా ఎత్తు ఎక్కువైన భ్రమే కలిగిస్తుంది. అప్రోచ్ కింద నేల లోతుగా ఉండటంతో కిందికి చూసినా "ఇంకా చాలా ఎత్తులో ఉన్నాం" అనిపిస్తుంది. మూడు భ్రమలూ ఒకే వైపు తోస్తున్నాయి. సరైన కోణం చూపించే పాపీ (PAPI) దీపాలు అక్కడ లేవు.

నాకంటే ముందు ఒక సీనియర్ అతనికి ఇచ్చిన సలహా: "ఎప్పుడూ వంద అడుగులు ఎక్కువ ఎత్తులో రా." ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం చెడ్డది. ఎక్కువ ఎత్తులో వచ్చినవాడు రన్‌వే మధ్య దాటాక దిగుతున్నాడు, పై సగంలో నేల బలంగా తగిలి విమానం ఎగిరిపడుతోంది. పై సగంలోనే ఎందుకు అంత గట్టిగా తగులుతోందో అప్పటికి మాకెవరికీ తెలియదు. సగటు వాలు 2 శాతమేగా అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ ప్రశ్నని అక్కడే పట్టుకుని లాగి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

రెండో ఘటన: టేకాఫ్

తెల్లవారాక గంటలోపు. రాత్రంతా చల్లబడిన కొండవాలు మీది గాలి బరువెక్కి లోయలోకి జారుతోంది. కింది చివర ఉన్న ఒకే ఒక్క విండ్‌సాక్ (గాలి దిక్కు, వేగం చూపించే గుడ్డ గొట్టం) 8 నాట్ల గాలి చూపిస్తోంది, పై నుంచి కిందికి. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు. అంటే మామూలుగా వెళ్లే పల్లం వైపు టేకాఫ్‌కి అది వెనకగాలి, మెరక వైపు టేకాఫ్‌కి ఎదురుగాలి.

ఉష్ణోగ్రత 12 డిగ్రీలు. ఆ ఎత్తుకి ప్రామాణిక ఉష్ణోగ్రత 6 డిగ్రీలు. తేడా ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పల్చదనాన్ని బట్టి విమానం ఉన్నట్టు లెక్కకొచ్చే ఎత్తు, సుమారు 5,200 అడుగులు. మంచుకి తడిసిన గడ్డిని కూడా లెక్కలోకి తీసుకుంటే, చదునుగా ఉండి గాలి లేకపోతే పరుగు 600 మీటర్లు. నేలనుంచి లేచే వేగం, గాలితో పోల్చి, 64 నాట్లు.

అతని ముందున్న ప్రశ్న: మెరక వైపు ఎదురుగాలితోనా, పల్లం వైపు వెనకగాలితోనా? దీనికి పైలట్లు వాడే సమాన బిందువు సూత్రం ఒకటుంది. వాలు ఇచ్చే లాభాన్ని గాలి ఎన్ని నాట్ల దగ్గర తినేస్తుందో అది చెబుతుంది. ఈ రన్‌వేకి అది 7 నాట్లు. గాలి 8. కాబట్టి మెరక వైపు. నేను తర్వాత సొంతంగా లెక్కవేశాను. వాలు అంతటా 2 శాతమే అనుకుంటే మెరక వైపు 588 మీటర్లు, పల్లం వైపు 625 మీటర్లు వచ్చింది. అతని లెక్క సరైనదే.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. సగం రన్‌వే దాటేసరికి లేచే వేగంలో 70 శాతం రాకపోతే ఆపేయాలన్న నియమం పెట్టుకున్నాడు. వేగం వర్గానికి అనుగుణంగా దూరం పెరుగుతుంది, 0.7 వర్గం దాదాపు సగం, అందుకే ఆ నియమం. సగం దగ్గర వేగం 70 శాతం కంటే చాలా ఎక్కువే ఉంది. కొనసాగించాడు.

ఆ తర్వాత వేగం పెరగడం మందగించింది. "ముల్లు అతుక్కుపోయినట్టు ఉంది సార్" అన్నాడు. మంచు తడి మీద చక్రాల గీతలు ఆ ఉదయం స్పష్టంగా పడ్డాయి. అక్కడి గ్రౌండ్ సిబ్బంది ఒకరు వాటిని ఫోటో తీసి ఉంచారు. మూడు గీతలు సమాంతరంగా వచ్చాయి, ముందు చక్రం గీత ఆగింది, మిగతా రెండూ ఇంకా సాగాయి, చివరి తెల్ల మార్కర్‌కి సుమారు పది అడుగుల ముందు సన్నబడి మాయమయ్యాయి. ఆ ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. కొత్త విద్యార్థులకి మొదట అదే చూపిస్తాను.

గాల్లోకి లేచాక కొండవాలు ఎదురొచ్చింది. విమానం ఎక్కుతోంది, కానీ నేల ఇంకా వేగంగా ఎక్కుతోంది. స్టాల్ వార్నింగ్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి దగ్గరపడిందన్న హెచ్చరిక) మోగుతుండగా ఎడమవైపు, లోయ తెరుచుకునే వైపు మెల్లగా తిప్పి బయటపడ్డాడు. లోయ పైకి వెడల్పుగా ఉండబట్టి సరిపోయింది. 81 నాట్ల వేగంతో 30 డిగ్రీలు వంగి పూర్తిగా వెనక్కి తిరగాలంటే 600 మీటర్లకి పైగా అడ్డం కావాలి.

ఏం ప్రయత్నించాం, ఏది పనిచేయలేదు

రెండు రోజుల తర్వాత కలిశాం. "సార్, లెక్క సరిగ్గానే ఉంది కదా. మరి ఎక్కడ తప్పింది?" అని అడిగాడు. నా మొదటి జవాబు పనికిరానిది. వాలుకి ఇంకొంత మార్జిన్ కలుపుకోమన్నాను. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానాలకి ఇచ్చిన మార్గదర్శకంలో 2 శాతం మెరకకి టేకాఫ్ దూరం 10 శాతం పెరుగుతుందని, అన్నీ కలిపాక మళ్లీ 1.33తో హెచ్చించమని ఉంటుంది. ఆ అంకె నా తలలో ఏళ్లుగా ఉంది. ఇంటికెళ్లి కాగితం మీద పెడితే అది ఇక్కడ ఎందుకు తక్కువో తెలిసింది.

వాలు వెనక్కి లాగే బలం బరువులో 2 శాతం, అంటే 22 కిలోలు. అది ఎప్పుడూ అంతే. మారేది విమానాన్ని ముందుకి నెట్టే నికర బలం. సముద్రమట్టంలో, చల్లటి రోజున, గట్టి నేల మీద ఇలాంటి విమానానికి ఆ బలం 220 కిలోలు ఉందనుకుందాం. అందులో 22 పోతే పదో వంతు పోయినట్టు. సూత్రం సరిపోతుంది. ఈ విమానం ఆ ఉదయం 600 మీటర్ల పరుగు తీసుకుంటుందంటే దాని నికర బలం 100 కిలోలకి కాస్త ఎక్కువే, అంతే. అందులోంచి 22 పోతే ఐదో వంతుకి పైగా పోయింది. గాలి లేకుండా మెరక వైపు పరుగు 660 కాదు, 767 మీటర్లు. పల్చటి గాలి, బరువు, గడ్డి ఇవన్నీ నికర బలాన్ని తగ్గిస్తాయి, తగ్గినకొద్దీ అదే వాలు ఎక్కువ నష్టం చేస్తుంది. వాలుకి, ఎత్తుకి, గడ్డికి ఇంతింత అని విడివిడిగా శాతాలు రాసుకుని హెచ్చిస్తే, అవి ఒకదాన్నొకటి ఎలా పెంచుకుంటాయో కనిపించదు.

అయినా ఇది ఆ ఘటనని పూర్తిగా వివరించదు. ఎందుకంటే సమాన బిందువు లెక్కలో ఈ ప్రభావం కలిసే ఉంది. 588 మీటర్లు రావాల్సింది 700 దాకా ఎందుకు సాగింది?

కొలిచి చూశాం

మళ్లీ కాగితం ముందు కూర్చోవద్దని నిర్ణయించుకున్నాను. సర్వే వాళ్లు వాడే ఆటో లెవెల్, కొలత కర్ర తీసుకుని రన్‌వే మధ్యగీత మీద 50 మీటర్లకి ఒక చోట కొలిచాం. అతను కర్ర పట్టుకుని నడిచాడు, నేను రీడింగులు రాశాను. ఎనిమిదో రీడింగ్ దగ్గర ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కింది 350 మీటర్లలో ఎత్తు రెండు మీటర్లు కూడా పెరగలేదు, 0.5 శాతం. పై 350 మీటర్లలో పన్నెండు మీటర్లకి పైగా, 3.5 శాతం.

ప్రకటించిన 2 శాతం అబద్ధం కాదు. రన్‌వే మధ్యగీత మీద అత్యధిక, అత్యల్ప ఎత్తుల తేడాని పొడవుతో భాగించి చెబుతారు. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణాల్లో పెద్ద విమానాలు వాడే రన్‌వేలకి ఆ సగటు 1 శాతం, చిన్నవాటికి 2 శాతం దాటకూడదు. ఆ ప్రమాణాల్లో ఒక్కో భాగం వాలుకి కూడా విడిగా పరిమితులున్నాయి. కానీ పైలట్ చేతికి వచ్చే కాగితం మీద చాలాసార్లు కనిపించేది ఒక్క అంకే.

కొత్త కొలతలతో లెక్క మళ్లీ వేశాను. దాదాపు చదునైన మొదటి సగంలో విమానం చక్కగా వేగం అందుకుంటుంది. గాలి అసలు లేకపోయినా సగం దగ్గర 74 శాతం వస్తుంది, అంటే 70 శాతం పరీక్షలో నెగ్గుతుంది. కానీ మిగతా వేగం అందుకోవడానికి 3.5 శాతం మెరక మీద ఇంకో 430 మీటర్లు కావాలి. ఉన్నవి 350. పరీక్ష నెగ్గిన విమానం రన్‌వే చివరికి కూడా లేవదు! వాలు అంతటా ఒకేలా ఉన్నచోట మాత్రమే ఆ నియమం పనిచేస్తుందని నేను కూడా అంతకుముందు ఆలోచించలేదు.

మరి ఎదురుగాలి? అది 8 నాట్లు చివరిదాకా ఉండి ఉంటే 560 మీటర్ల దగ్గరే లేచేవాడు. నేను మరో ఉదయం చేతిలో గాలి మీటర్‌తో పై చివర నిలబడ్డాను. కింద విండ్‌సాక్ ఎనిమిది చూపిస్తుంటే నా దగ్గర చెట్ల మాటున మూడే. పై సగంలో 3 నాట్లు అనుకుని లెక్కవేస్తే లేచేది 697 మీటర్ల దగ్గర. తడి గడ్డి మీద గీతలు ఆగిన చోటు అదే.

ల్యాండింగ్ చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. 65 నాట్లతో 3 డిగ్రీల దారిలో చదును మీదికి దిగితే నేల వైపు వెళ్లే వేగం సెకనుకి 1.75 మీటర్లు. అదే 3.5 శాతం మెరక మీదికైతే 2.9. "వంద అడుగులు ఎక్కువ" అన్న సలహా అతన్ని తిన్నగా ఆ మెరక మీదికే తీసుకెళ్తోంది. అక్కడ ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు ఎత్తి దిగుడు తగ్గించడం) చాలా ముందుగా, చాలా ఎక్కువగా చేయాలి. అతను చదును రన్‌వే అలవాటుతో చేస్తున్నాడు.

అసలు చూడాల్సినది

పరుగు 588 కాక 697 అయినా విమానం రన్‌వే మీదే లేచింది. ప్రమాదం అక్కడ లేదు, దాని తర్వాత ఉంది. అతను, నేను, ఇద్దరం "ఏ దిక్కులో పరుగు తక్కువ?" అని అడుగుతూ కూర్చున్నాం. ఎదురుగా ఉన్న కొండ ఆ ప్రశ్నలో లేనే లేదు.

మ్యాప్ తీసి, ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే కాంటూర్ గీతలు లెక్కపెట్టాం. మైదానం దాటాక కిలోమీటరుకి 60 మీటర్లు, అంటే 6 శాతం. ఆ బరువుతో, ఆ ఎత్తులో విమానం నిమిషానికి 450 అడుగులు ఎక్కుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. దాన్ని భూమి మీద వేగంతో, 78 నాట్లతో, భాగిస్తే 5.7 శాతం. కొండవాలు వెంబడి జారే గాలి విమానాన్ని తనతో కిందికి తోస్తుంది. 8 నాట్ల గాలి 6 శాతం వాలు వెంట జారితే నిమిషానికి సుమారు 50 అడుగులు దిగుతున్నట్టు. అది తీసేస్తే మిగిలేది 5 శాతం. నేల 6, విమానం 5. పరుగు 300 మీటర్లే అయినా ఆ దిక్కు తప్పే. ఎదురుగాలి ఇస్తున్న ఆ గాలే కొండ మీద కిందికి నొక్కే గాలి కూడా. మెరక వైపు వెళ్లే పైలట్ ఆ గాలిని రెండో రూపంలో కలుసుకోక తప్పదు.

నేపాల్‌లోని లుక్లాలో 527 మీటర్ల రన్‌వే, 11.7 శాతం వాలు. అక్కడ మెరక వైపు దిగుతారు, పల్లం వైపు లేస్తారు. ఫ్రాన్స్‌లోని కూర్షెవెల్‌లో 537 మీటర్లు, అత్యధిక వాలు 18.6 శాతం, పద్ధతి అదే. అంత నిటారుగా ఉన్నచోట ఎవరికీ సందేహం రాదు. 2 శాతం దగ్గరే చిక్కు. గాలి చూసి దిక్కు మార్చుకోవచ్చేమో అనిపించేంత తక్కువ, తప్పు చేస్తే క్షమించనంత ఎక్కువ.

ఏది పనిచేసింది

టేకాఫ్‌కి దిక్కు ఎంచుకోవడం అనే పనినే తీసేశాం. ఆ రన్‌వే మీద గాలి ఎటున్నా మెరక వైపు టేకాఫ్ లేదు. పల్లం వైపు వెనకగాలి 3 నాట్లు మించితే ఎదురుచూడాలి. ఎదురుచూడటం చాలామంది పైలట్లకి నచ్చదు, చేతకానితనంలా అనిపిస్తుంది. అందుకే అంకెలు చూపించాను. కొత్త కొలతలతో లెక్కవేస్తే 8 నాట్ల వెనకగాలితో పల్లం వైపు 613 మీటర్లు. ఎండ కొండవాలు మీద పడ్డాక జారుడు గాలి ఆగి, కాసేపు నిశ్చలంగా ఉండి, ఆ తర్వాత లోయ నుంచి పైకి వీయడం మొదలవుతుంది. ఆ నిశ్చల సమయంలో అదే టేకాఫ్ 460 మీటర్లు. ఎండకి ఉష్ణోగ్రత కొంత పెరిగి పరుగు పెరిగినా మొత్తం మీద లాభమే. మధ్యాహ్నానికి ఎండ ముదిరితే డెన్సిటీ ఆల్టిట్యూడ్ ఆ లాభాన్ని తినేస్తుంది, కాబట్టి పైపరిమితి కూడా పెట్టాం. గాలి ఎటున్నా ఉష్ణోగ్రత 26 దాటితే ఆ బరువుతో వెళ్లకూడదు.

ఆపేయాల్సిన చోటుని సగం దగ్గర కాకుండా, పల్లం వైపు 300 మీటర్ల మార్కర్ దగ్గర పెట్టాం. మొదటి సగం బాగా వాలుగా ఉండటంతో అక్కడికే 80 శాతం రావాలి. రాకపోతే ఇంజిన్‌లోనో, బ్రేకులు పట్టేయడంలోనో ఏదో ఉంది. తడి గడ్డి మీద పల్లానికి ఆగడం కష్టం కాబట్టి ఆ నిర్ణయం ముందే జరగాలి.

ల్యాండింగ్‌కి కళ్ల సాక్ష్యాన్ని పక్కనపెట్టి ఎత్తులు ఇచ్చాను. ఒక నాటికల్ మైలు దగ్గర వాగు వంపు మీద 4,820 అడుగులు, అర మైలు దగ్గర తెల్ల బండ మీద 4,660. భూమి మీద వేగాన్ని ఐదుతో హెచ్చించి, నిమిషానికి అన్ని అడుగుల చొప్పున దిగుడు. తెల్ల బండ దగ్గర అంకె తేడాగా ఉంటే ఎడమవైపు గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం. ఆ బండ దాటాక గో అరౌండ్ లేదు, ఎందుకంటే ముందున్నది అదే 6 శాతం కొండ. చక్రాలు ఆనాల్సింది మొదటి 200 మీటర్లలో, చదునైన భాగంలో. మొదటి నాలుగు అప్రోచ్‌లలోనూ "సార్, ఇది బాగా ఎత్తు" అంటూనే ఉన్నాడు. "అనిపించనివ్వండి, ఆల్టిమీటర్ చూడండి" అన్నాను. ఆరో దానికి ఆ మాట అనడం మానేశాడు. ఆ అనిపించడం మాత్రం పోలేదట. దాని మాట వినడం మానేశానన్నాడు.

నేను నేర్చుకున్నవి

ఏ వాలు రన్‌వేకి వెళ్లినా ఇప్పుడు మొదట కాంటూర్ మ్యాప్ తెరుస్తాను. రన్‌వే అంకెలు తర్వాత. రెండు చివరల నుంచీ నేల ఎన్ని శాతం లేస్తోందో, విమానం ఎన్ని శాతం ఎక్కగలదో పక్కపక్కన రాస్తాను. నేలదే పెద్దదైతే ఆ దిక్కుకి పరుగు లెక్క వేయను, వేస్తే నమ్మాలనిపిస్తుంది. ఎక్కే వేగాన్ని నిమిషానికి అడుగుల్లో చెప్పడం విద్యార్థులతో మాన్పించాను. కొండ నిమిషాల్లో పెరగదు కదా, దూరంతో పెరుగుతుంది.

ఇద్దరు ప్రయాణికులకీ జరిగింది చెప్పాలని నేను పట్టుబట్టాను. అతను తనే వెళ్లి చెప్పాడు.

పై చివర చెట్ల పక్కన రెండో విండ్‌సాక్ పెట్టించాం. మూడు నెలల తర్వాత ఒక ఉదయం అతని నుంచి ఫోటో వచ్చింది. కింది విండ్‌సాక్ గాలికి సగం లేచి ఉంది, దూరంగా పైది స్తంభానికి అతుక్కుని వేలాడుతోంది. కింద ఒక్క లైను రాశాడు: "వెయిటింగ్ సార్, ఇంకో నలభై నిమిషాలు పట్టేలా ఉంది."